పదిహేడేళ్లకే స్టెఫానీ టేలర్ 90 కొట్టింది, నేనింకా జిల్లా జట్టు దాటలేదు

ప్రశ్న: అక్కా, మాది కృష్ణా జిల్లా. ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. ఓపెనింగ్ బ్యాటింగ్ చేస్తాను, ఆఫ్ స్పిన్ వేస్తాను. 2016లో మూలపాడులో ఇండియా, వెస్టిండీస్ అమ్మాయిల మ్యాచ్‌లు జరిగినప్పుడు మా బాబాయి నన్ను ఒకరోజు తీసుకెళ్లాడు. అప్పుడు చాలా చిన్నదాన్ని, మెరూన్ రంగు డ్రెస్సులు తప్ప ఏమీ గుర్తులేదు. తర్వాత ఫోన్‌లో వెస్టిండీస్ క్రికెటర్ స్టెఫానీ టేలర్ వీడియోలు చూసి ఆమెకి ఫ్యాన్ అయిపోయాను. ఆమె కూడా నాలాగే బ్యాటింగూ చేస్తుంది, ఆఫ్ స్పిన్నూ వేస్తుంది. కానీ పదిహేడేళ్లకే ఆడిన మొదటి ఇంటర్నేషనల్ టీ20లో 49 బంతుల్లో 90 కొట్టింది. నాకూ ఇప్పుడు పదిహేడే. ఈసారి రాష్ట్ర అండర్-19 ప్రాబబుల్స్‌లో, అంటే జట్టుని ఎంచే ముందు వేసే జాబితాలో కూడా నా పేరు రాలేదు. మా కోచ్ బ్యాటింగ్ వదిలేసి బౌలింగ్ ఒక్కటే చెయ్యమంటున్నారు. నాన్న ఇంటర్ అయ్యాక ఇక క్రికెట్ చాలంటున్నారు. నేను లేటయిపోయానా? పేరు వెయ్యకండి, ప్లీజ్.

సమాధానం: చెల్లీ, లేటవ్వలేదు. ముందు ఈ మాట విని ఊపిరి పీల్చుకో, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ప్రాబబుల్స్‌లో పేరు రాకపోతే బాధే, రెండు రోజులు అన్నం సహించదు, ఫ్రెండ్స్ స్టేటస్‌లు చూడబుద్ధి కాదు, అదంతా నాకు తెలుసు. కానీ నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అది కాదు, "నాకూ ఇప్పుడు పదిహేడే" అన్న వాక్యం. ఎవరో ఎక్కడో పదిహేడేళ్లకి చేసిన పనిని నువ్వు గోడకి తగిలించుకుని రోజూ దానితో కొలుచుకుంటున్నావు. నీకు ఇష్టమైన ఆ స్టెఫానీ కథనే మొత్తం చెప్తాను, ఎందుకంటే నువ్వు చూసిన వీడియోల్లో సిక్సులూ ఫోర్లూ ఉంటాయి తప్ప మధ్యలో గడిచిన ఏళ్లు ఉండవు.

ఆమెది జమైకాలో స్పానిష్ టౌన్. 1991 జూన్ 11న పుట్టింది. చిన్నప్పుడు ఫుట్‌బాల్ అంటే ఇష్టం, ప్రైమరీ స్కూల్లో ఉండగా ఒక కోచ్ క్రికెట్ వైపు లాక్కొచ్చాడు. 2008 జూన్ నెలాఖరులో ఐర్లాండ్ మీద నువ్వు చెప్పిన ఆ 90 కొట్టింది, అంటే పదిహేడు నిండి అప్పటికి నెల కూడా కాలేదు. నిజంగానే గొప్ప ఆరంభం, అందులో సందేహం లేదు. కానీ అది ఎక్కడ జరిగిందో కూడా చూడు. వెస్టిండీస్ అనేది ఒక దేశం పేరు కాదు, జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్, గయానా, ఇంకా చిన్న చిన్న దీవులూ కలిసి ఆడే జట్టు. జమైకా జనాభా మొత్తం 30 లక్షల లోపే. బార్బడోస్‌లో 3 లక్షల మంది కూడా ఉండరు. వాటన్నింటినీ కలిపినా మన హైదరాబాద్ నగరంలో ఉన్నంత మంది ఉండరు. వాళ్లలోనూ ఆటలో చురుకైన పిల్లల్ని అథ్లెటిక్స్ ఒకవైపు, ఫుట్‌బాల్, నెట్‌బాల్ ఇంకోవైపు పట్టుకుపోతాయి. పైగా 2008 నాటికి అమ్మాయిల క్రికెట్‌లో డబ్బూ లేదు, టీవీలో చూపించే వాళ్లూ లేరు. అలాంటి చోట బాగా ఆడే పిల్ల పదిహేనేళ్లకే కళ్లలో పడుతుంది, పదిహేడుకి జట్టులో ఉంటుంది. నువ్వు ఆడుతున్న చోట ఒక్క రాష్ట్ర అండర్-19 జట్టులోకి రావాలంటేనే ఎన్ని జిల్లాల పిల్లలతో పోటీ పడాలో సెలెక్షన్స్ రోజు గ్రౌండ్ బయట నిలబడి నువ్వే చూసుంటావు. ఆమె ప్రతిభని తక్కువ చెయ్యడానికి ఇది చెప్పట్లేదు. ఆమె దారి వేరు, నీ దారి వేరు, వయసులు పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు అంటున్నానంతే.

సరే, 90 కొట్టింది. ఆ తర్వాత? ఇది నువ్వు జాగ్రత్తగా చదవాలి. వ్యక్తిగతంగా చూస్తే 2011లో ఐసీసీ మహిళా క్రికెటర్ ఆఫ్ ది ఇయర్, మరుసటి ఏడాది వన్డేల్లో అదే అవార్డు, 2015లో టీ20లకి ఇంకొకటి. జట్టు సంగతి చూస్తే 2010 టీ20 ప్రపంచ కప్ సొంత గడ్డ మీద సెమీస్‌లో ఓటమి. 2012లో సెమీస్‌లో ఓటమి. 2014లో మళ్లీ సెమీస్‌లో ఓటమి. మధ్యలో 2013 వన్డే ప్రపంచ కప్ మన దేశంలో జరిగింది. అందులో శ్రీలంక మీద ఆమె 137 బంతుల్లో 171 కొట్టింది. తర్వాత సూపర్ సిక్స్‌లో, అంటే మిగిలిన ఆరు జట్ల దశలో, 164కే ఆలౌటయ్యి కూడా ఆస్ట్రేలియాని 156కి ఆపి, 8 పరుగులతో గెలిచి, మొదటిసారి ఫైనల్‌కి వెళ్లారు. నాలుగు రోజుల తర్వాత ముంబై బ్రబోర్న్ స్టేడియంలో జరిగిన ఫైనల్లో అదే ఆస్ట్రేలియా 259 చేస్తే వీళ్లు 145కి కూలిపోయారు. ఒక మనిషి ప్రపంచంలోనే బెస్ట్ అనిపించుకుంటూ, అదే సమయంలో ఏళ్ల తరబడి గెలుపు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి రావడం ఎలా ఉంటుందో ఊహించుకో. పదిహేడులో 90 కొట్టిన ఆమెకి మొదటి ప్రపంచ కప్ చేతికి రావడానికి దాదాపు ఎనిమిదేళ్లు పట్టింది.

ఆ కప్ సంగతి కొంచెం నింపాదిగా చెప్పనివ్వు, నీ బ్యాటింగ్‌కి పనికొచ్చేది అక్కడే ఉంది. 2016 ఏప్రిల్ 3, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. అంతకు ముందు మూడు టీ20 ప్రపంచ కప్‌లూ వరసగా గెలిచిన ఆస్ట్రేలియా ముందు బ్యాటింగ్ చేసి 148 కొట్టింది. ఫైనల్లో, ఆ బౌలింగ్ మీద, 149 అంటే మాటలు కాదు. స్టెఫానీ కెప్టెన్, వయసు ఇరవై నాలుగు. ఆమెతో పాటు ఓపెనింగ్‌కి వచ్చింది బార్బడోస్ పిల్ల హేలీ మాథ్యూస్, పద్దెనిమిది నిండి అప్పటికి రెండు వారాలే. హేలీ 45 బంతుల్లో 66 కొట్టింది. స్టెఫానీ 57 బంతుల్లో 59. అందరూ హేలీ సిక్సులే చూస్తారు, ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్ కూడా హేలీకే ఇచ్చారు, న్యాయమే. కానీ నువ్వు ఓపెనర్‌వి కాబట్టి ఆ 57 బంతులు చూడు. కెప్టెన్‌గా, జట్టులో అందరికంటే పెద్ద పేరున్న బ్యాటర్‌గా, ఆ రోజు తనే కొట్టేసి హీరో అవ్వాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఎదురుగా చిన్నపిల్ల బంతిని చక్కగా కొడుతోంది, ఆ ఊపు పాడవ్వకూడదని ఆమె సింగిల్ తీసి స్ట్రైక్ ఇస్తూ, చెత్త బంతి పడితే మాత్రం వదలకుండా, రిస్క్ హేలీకి వదిలేసి వికెట్ కాపాడే పని తను తీసుకుంది. మొదటి వికెట్‌కి 120 వచ్చాయి. వెస్టిండీస్ మ్యాచ్ ముగించింది 19.3 ఓవర్లలో, అంటే 117 బంతులు. అందులో 102 ఈ ఇద్దరే ఆడారు. గెలుపు దగ్గరికొచ్చాక స్టెఫానీ ఔటైంది, మిగతాది డియాండ్రా డాటిన్, బ్రిట్నీ కూపర్ పూర్తి చేశారు. 8 వికెట్ల తేడాతో మొదటి కప్. వెస్టిండీస్ మగవాళ్ల జట్టుకి అదే సాయంత్రం అదే గ్రౌండ్‌లో ఫైనల్ ఉంది, వాళ్లు కూడా మైదానంలోకి పరుగెత్తుకొచ్చి వీళ్లతో కలిసి గెంతులేశారు. ఆ టోర్నీ మొత్తంలో 246 పరుగులు చేసి ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్ అయింది స్టెఫానీ.

నువ్వు ఈసారి మ్యాచ్‌లో అవతలి ఎండ్‌లో అమ్మాయి బాగా కొడుతున్నప్పుడు నువ్వేం చేస్తున్నావో ఒకసారి గమనించుకో. చాలా మంది పిల్లలు ఆ టెన్షన్‌లో తామూ కొట్టాలని బ్యాట్ ఊపేసి ఔటవుతారు. సెలెక్టర్లు చూసేది స్కోరు ఒక్కటే అని మనం అనుకుంటాం గానీ, పరిస్థితికి తగ్గట్టు ఆడే పిల్ల ఎవరో కాస్త అనుభవం ఉన్న వాళ్లకి ఇట్టే తెలుస్తుంది.

ఇక మీ కోచ్ మాట. బ్యాటింగ్ వదిలెయ్యమన్నారని రాశావు, ఎందుకన్నారో రాయలేదు. బహుశా నువ్వు అడిగి ఉండవు. అడుగు, భయపడకు. "సార్, నా బ్యాటింగ్‌లో ఏం లోపం ఉంది, బాగుపడేదేనా" అని మర్యాదగా, సూటిగా అడుగు. జట్టులో ఓపెనర్లు ఎక్కువయ్యి ఆఫ్ స్పిన్నర్ కావలసి వచ్చి అలా అని ఉంటే, అది నీకు తలుపు తెరిచే సలహానే, బౌలర్‌గా లోపలికి వెళ్లు, బ్యాట్ మాత్రం చేతిలోంచి వదలకు. నీ బ్యాటింగ్‌లో నిజంగా టెక్నిక్ సమస్య ఉండి అన్నారనుకో, అప్పుడు ఈ సీజన్‌కి బౌలింగ్ ముందు పెట్టుకుని, నెట్స్ అయ్యాక విడిగా బ్యాటింగ్ దిద్దుకో. పూర్తిగా వదిలెయ్యడానికి మాత్రం నేను ఒప్పుకోను. పదిహేడేళ్లకే ఒక చెయ్యి కట్టేసుకోమనడం నాకు సరైన పనిగా కనిపించదు.

స్టెఫానీనే చూడు. ఆమె బంతిని గిర్రున తిప్పే బౌలర్ కాదు. చిన్న రనప్, నెమ్మదైన ఆఫ్ స్పిన్, వికెట్ల మీదకి, బ్యాటర్‌కి చెయ్యి చాచుకునే చోటు ఇవ్వకుండా వేస్తుంది. ఆ మామూలు ఆఫ్ స్పిన్‌తోనే వన్డేల్లో 150కి పైగా వికెట్లు తీసింది, బ్యాట్‌తో 5,000 పరుగులు దాటింది. 2016 సెమీస్‌లో న్యూజిలాండ్ మీద 143 కాపాడుకోవాల్సి వస్తే 3 వికెట్లు తీసింది ఈమే, ఆ రోజు 6 పరుగులతో బయటపడ్డారు. 2021 జూలైలో ఆంటిగ్వాలో పాకిస్తాన్ మీద ఒక టీ20లో హ్యాట్రిక్ తీసి, 17 పరుగులకి 4 వికెట్లు పడగొట్టి, ఛేజింగ్‌లో 43 నాటౌట్‌గా నిలిచింది. మూడు రోజులకే వన్డేలో 105 నాటౌట్, 3 వికెట్లు. అప్పటికి ఆమెకి ముప్పై. 2022 వన్డే ప్రపంచ కప్‌లో బంగ్లాదేశ్ మీద జట్టు 140 మాత్రమే చేస్తే, చివరి ఓవర్ బంతి తనే అందుకుని ఆఖరి వికెట్ తీసి 4 పరుగులతో గెలిపించింది. ఆ మ్యాచ్ దొరికితే చివరి ఓవర్ చూడు. కెప్టెన్ బంతి ఇంకొకరికి ఇచ్చి తప్పుకోవచ్చు, ఓడితే నింద తన మీద పడదు. ఆమె అలా చెయ్యలేదు. బ్యాటింగ్ కలిసిరాని రోజు బంతితో, బంతి పలకని రోజు బ్యాట్‌తో, రెండూ లేని రోజు ఫీల్డింగ్‌తో జట్టులో ఉండే మనిషిని తీసెయ్యడం ఏ సెలెక్టర్‌కైనా కష్టం.

నువ్వు చిన్నప్పుడు చూసిన మూలపాడు మ్యాచ్ గురించి కూడా చెప్పాలి, అది ఏ రోజుదో నీకు గుర్తులేదన్నావు గానీ ఆ నెల మొత్తం ఏం జరిగిందో తెలిస్తే నీకు నచ్చుతుంది. 2016 నవంబర్‌లో, అంటే కప్ గెలిచిన ఏడు నెలలకి, స్టెఫానీ జట్టు విజయవాడ వచ్చింది. వన్డేలు మూడూ మన అమ్మాయిలే గెలిచారు, 3-0. ప్రపంచ చాంపియన్లు గదా అని చూడటానికొచ్చిన వాళ్లు ఇదేం ఆట అనుకుని ఉంటారు. తర్వాత టీ20లు మొదలయ్యాయి. మూడూ వెస్టిండీస్ గెలిచింది, 3-0. అదే గ్రౌండ్, దాదాపు అవే జట్లు, రెండు వారాల లోపు. మూడు మ్యాచ్‌లు వరసగా ఓడినా తర్వాతి మూడూ గెలవడానికి వాళ్లకి అదే గ్రౌండ్ అడ్డు రాలేదు. నీకు ఒక సెలెక్షన్ పోయింది, అంతే.

అదే సిరీస్‌లో మీ జిల్లా వైపు అమ్మాయే ఒకరు ఇండియాకి మొదటిసారి ఆడింది, సబ్బినేని మేఘన. పేరు వినే ఉంటావు. సొంత గడ్డ మీద అంతర్జాతీయ అరంగేట్రం, అంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది కదా. కానీ ఆ తర్వాత ఆమెని ఇండియా జట్టు పక్కన పెట్టింది, ఏళ్ల తరబడి పిలుపు రాలేదు. దేశవాళీ పోటీల్లో రైల్వేస్ జట్టుకి ఆడుకుంటూ, పరుగులు చేస్తూ ఉండిపోయింది. 2022లో న్యూజిలాండ్ టూర్‌తో మళ్లీ ఇండియా జట్టులోకి వచ్చి వన్డేల్లో అడుగుపెట్టింది. 2024లో మహిళల ప్రీమియర్ లీగ్ గెలిచిన బెంగళూరు జట్టులో ఉంది. నాకు స్టెఫానీ కంటే నీ విషయంలో ఈ అమ్మాయి కథే ఎక్కువ పనికొస్తుందనిపిస్తుంది, నీ జమైకా అభిమానానికి కోపం రాకపోతే.

మళ్లీ స్టెఫానీ దగ్గరికొస్తే, కప్ తర్వాత అంతా సాఫీగా సాగిందనుకోకు. 2018లో టీ20 ప్రపంచ కప్ సొంత దీవుల్లో జరిగింది, సెమీస్‌లో ఆస్ట్రేలియా చేతిలో 71 పరుగుల తేడాతో ఓడారు. 2020 టీ20 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ మీద బ్యాటింగ్ చేస్తూ గజ్జల్లో కండరం పట్టేసి నడవలేక స్ట్రెచర్ మీద బయటికెళ్లింది. 2022 వన్డే ప్రపంచ కప్‌లో జట్టుని సెమీస్ దాకా తీసుకెళ్లింది, అక్కడ ఆస్ట్రేలియా 157 పరుగులతో ఓడించింది. అది జరిగిన మూడు నెలలకి, 2022 జూన్‌లో, కెప్టెన్సీ తీసేసి హేలీ మాథ్యూస్‌కి ఇచ్చారు. అవును, ఈడెన్‌లో ఎవరికైతే సింగిల్ తీసి స్ట్రైక్ ఇచ్చిందో ఆ పిల్లకే. ఏడేళ్లు నడిపిన జట్టులో మామూలు ఆటగత్తెగా, తన కళ్ల ముందు ఎదిగిన అమ్మాయి కింద ఆడటం ఎవరికైనా లోపల గుచ్చుకుంటుంది. ఇదే పని అంతకుముందు ఇంకొకరు స్టెఫానీ విషయంలో చేశారు. మెరిస్సా అగ్విలీరా చాలాకాలం కెప్టెన్‌గా ఉండి, 2015లో ఆ పదవి స్టెఫానీకి వెళ్లాక, వికెట్ కీపర్‌గా అదే జట్టులో ఉండి 2016 కప్ గెలిచింది.

2023 అక్టోబర్ 2న సిడ్నీలో ఏం జరిగిందో చూడు. ఆస్ట్రేలియా 212 కొట్టింది. మహిళల టీ20ల్లో అప్పటిదాకా ఎవరూ అంత ఛేజ్ చేసి గెలవలేదు. హేలీ 64 బంతుల్లో 132. ఆమెకి తోడుగా నిలబడింది స్టెఫానీ, 41 బంతుల్లో 59. ఈడెన్‌లో కొట్టింది కూడా 59 అని గుర్తుందా? అప్పుడు కెప్టెన్, ఇప్పుడు కాదు, చేసిన పని మాత్రం అదే. నాకు స్టెఫానీ టేలర్ అంటే ఇంత గౌరవం ఎందుకంటే ఈ రెండో 59 వల్ల. 90 కొట్టడానికి ప్రతిభ చాలు. కెప్టెన్సీ పోయాక, ముప్పై దాటాక, ఒంటి మీద గాయాలతో, ఇంకొకరి గొప్ప రోజున పక్కన నిలబడి ఆడటానికి ప్రతిభ ఒక్కటే సరిపోదు.

మరి ఆ తర్వాతయినా అంతా మంచే జరిగిందా అంటే అదీ లేదు. 2025 ఏప్రిల్‌లో లాహోర్‌లో వన్డే ప్రపంచ కప్ క్వాలిఫయర్. చివరి మ్యాచ్‌లో థాయ్‌లాండ్ మీద 167 టార్గెట్‌ని పది ఓవర్లకి ఒకటి రెండు బంతుల అటూఇటూగా కొట్టేస్తే ఇండియాలో జరిగే ప్రపంచ కప్‌కి టికెట్ ఖాయం. హేలీ 29 బంతుల్లో 70 బాదింది. జట్టు 10.5 ఓవర్లలో పూర్తి చేసింది. ఆ చోటు కోసమే పోటీలో ఉన్న బంగ్లాదేశ్ నెట్ రన్ రేట్ (పాయింట్లు సమానమైతే చూసే పరుగుల వేగం లెక్క) 0.639, వీళ్లది 0.626. ఆ 0.013 తేడాతో ప్రపంచ కప్ పోయింది. నవంబర్‌లో మన అమ్మాయిలు నవీ ముంబైలో కప్ ఎత్తుతుంటే వెస్టిండీస్ ఆ టోర్నీలోనే లేదు. ఇంకో మాట, ఇంత పెద్ద కెరీర్‌లో ఆమెకి టెస్టు క్రికెట్ దక్కలేదు. వెస్టిండీస్ మహిళలు 2004లో ఒక టెస్టు ఆడారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఊసే లేదు. తప్పు ఆమెది కాదు, ఎవరూ ఆడించలేదు. ప్రతిభ ఉన్నా అన్నీ దక్కవు, ఇది పదిహేడేళ్లకి వినడానికి బావుండదని తెలుసు.

ఇప్పుడు నాన్న. ఆయన్ని విలన్ చెయ్యకు. ఆయన భయం నీ ఆట మీద కాదు, నీ భవిష్యత్తు మీద. కాబట్టి నువ్వు వెళ్లి "నేను స్టెఫానీ అంతటిదాన్ని అవుతాను" అంటే ఆయన భయం ఇంకా పెరుగుతుంది. లెక్కలు పట్టుకెళ్లు. అండర్-19 అయిపోతే అండర్-23 ఉంది, ఆ పైన సీనియర్ జట్టు ఉంది, కాబట్టి ఇంటర్‌తో ఆగిపోయే ఆట కాదని చెప్పు. డిగ్రీలో చేరితే యూనివర్సిటీ జట్టు ఉంటుంది, స్పోర్ట్స్ కోటా సీట్లు ఉంటాయి, ఏ సర్టిఫికెట్ దేనికి పనికొస్తుందో మీ కాలేజీ పీడీ సార్‌ని అడిగి కనుక్కుని మరీ వెళ్లు. రైల్వేస్ ఏళ్లుగా మహిళా క్రికెటర్లకి ఉద్యోగాలిస్తోంది, మిథాలీ రాజ్ కూడా రైల్వేలో ఉద్యోగం చేస్తూనే ఆడింది. 2022లో బీసీసీఐ ఇండియాకి ఆడే అమ్మాయిలకీ అబ్బాయిలకీ మ్యాచ్ ఫీజు సమానం చేసింది. కడప జిల్లా నుంచి వచ్చిన శ్రీచరణిని ఢిల్లీ జట్టు 55 లక్షలకి తీసుకుంది, అదే అమ్మాయి 2025 ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉంది. ఇవి ఆయన ముందు పెట్టు.

కానీ మహిళల ప్రీమియర్ లీగ్ మీద ఆశ పెట్టుకుని నాన్నకి మాటివ్వకు. ఐదు జట్లు, ఒక్కో జట్టుకి ఎక్కువలో ఎక్కువ 18 మంది, అందులో ఆరుగురు దాకా విదేశీయులు. దేశం మొత్తం మీద అరవై మందికి పైచిలుకు అమ్మాయిలకే చోటు. హేలీ మాథ్యూస్ అంతటి ఆటగత్తె కూడా 2023 వేలంలో మొదటి పిలుపులో ఎవరూ కొనక, చివర్లో 40 లక్షల కనీస ధరకి ముంబై తీసుకుంటే, ఆ సీజన్‌లో 16 వికెట్లతో పర్పుల్ క్యాప్ (ఎక్కువ వికెట్లు తీసిన వాళ్లకిచ్చేది) గెలిచింది. లీగ్ వస్తే మంచిదే, రాకపోయినా చేతిలో డిగ్రీ ఉండాలి. నాన్నతో ఒప్పందం చేసుకో. ఇంటర్ మార్కులు పడిపోకుండా చూసుకుంటాను, డిగ్రీ మొదటి రెండేళ్లు ఆడనివ్వండి, అండర్-19 వయసు దాటేలోపు రాష్ట్ర స్థాయికి చేరానో లేదో అప్పుడు కూర్చుని మాట్లాడదాం అని చెప్పు. గడువు పెట్టి అడిగితే తండ్రులు చాలావరకు మెత్తబడతారు. అమ్మని ముందు నీ వైపు తిప్పుకో, ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు. 2016లోనే నిన్ను గ్రౌండ్‌కి తీసుకెళ్లిన బాబాయి ఉన్నాడుగా, ఆ మాటలప్పుడు ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

ఇక ఈ ఆర్నెల్లు ఏం చెయ్యాలో కూడా చెప్తాను. ఇంటర్ పరీక్షలకి నెల ముందు ప్రాక్టీస్ తగ్గించు, ఫిట్‌నెస్ మాత్రం ఆపకు, పొద్దున ముప్పావు గంట పరుగూ, కాళ్లకీ నడుముకీ బలమిచ్చే వ్యాయామాలూ చాలు. బౌలింగ్‌లో ఒకే చోట బంతి వెయ్యడం నేర్చుకో, నేల మీద తువ్వాలు పరిచి దాని మీద పడేలా, రోజూ. బ్యాటింగ్‌లో సింగిల్ తీసే ప్రాక్టీస్ విడిగా చెయ్యి, నెట్స్‌లో అందరూ పెద్ద షాట్లే ఆడతారు, గ్యాప్‌లోకి నెట్టి పరుగెత్తే పని ఎవరూ నేర్చుకోరు. ఫీల్డింగ్‌లో నీ త్రో బలం ఎంతో చూసుకో, చాలా సెలెక్షన్స్‌లో అమ్మాయిలు వెనకబడేది అక్కడే. డియాండ్రా డాటిన్ చిన్నప్పుడు బార్బడోస్‌లో జావెలిన్, షాట్‌పుట్, డిస్కస్ విసిరి పతకాలు గెలిచిన పిల్ల, హేలీ కూడా జావెలిన్ విసిరిందే. వాళ్ల చేతుల్లోంచి బంతి బౌండరీ నుంచి ఎలా వస్తుందో చూస్తే నీకే అర్థమవుతుంది. మీ కాలేజీలో అథ్లెటిక్స్ జరిగితే పేరివ్వు, క్రికెట్‌కి అది అడ్డం కాదు. నెలసరి రోజుల్లో ఒంట్లో బాగోకపోతే కోచ్‌కి చెప్పడానికి సిగ్గుపడకు, చెప్పలేకపోతే అమ్మ చేత చెప్పించు, దాచిపెట్టి ఆడి నడుము పట్టించుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను.

ఇంకా ప్రాబబుల్స్ విషయం. ఎందుకు తీసుకోలేదో తెలుసుకునే హక్కు నీకుంది. గొడవ పెట్టుకోమనట్లేదు. మీ కోచ్ ద్వారా అడిగించు, "బౌలింగ్ సరిపోలేదా, ఫిట్‌నెస్ సరిపోలేదా, స్కోర్లు చాలలేదా" అని. జవాబు రావచ్చు, రాకపోవచ్చు. వస్తే అదే నీ సిలబస్. రాకపోతే వచ్చే సీజన్ జిల్లా మ్యాచ్‌లలో నీ పరుగులూ వికెట్లూ ఒక నోట్‌బుక్‌లో తేదీలతో సహా రాసి పెట్టుకో, తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

కోచ్‌ని అడిగాక ఆయన ఏమన్నారో నాకు రాయి. బ్యాటింగ్ గురించి ఆయన చెప్పిన కారణం సరైనదే అనిపిస్తే, నేను పైన రాసింది పక్కన పెట్టి ఆయన మాటే విను, నిన్ను రోజూ చూసేది ఆయన. నాన్న మాత్రం ఒప్పుకోకపోతే వెంటనే రాయి, ఇంటర్ పరీక్షల లోపే.